ఉస్తాద్ సంతకం కోసం

ఈ ప్రయాణంలో నాకు అన్నం పెట్టినవాళ్లు, దారి చూపినవాళ్లు, బండి ఎక్కించుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఒక్కరి పేరు కూడా ఇక్కడ రాయడం లేదు. మరచిపోయి కాదు. చాలామంది పేర్లు నాకు తెలియవు. తెలిసిన రెండు మూడు రాయకూడదు. ఎందుకో చదువుతూ పోతే మీకే అర్థమవుతుంది.

నేను హైదరాబాదులో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో డెమాన్‌స్ట్రేటర్ని. ఆకురాయి ఎలా పట్టుకోవాలో, ఇనుప ముక్కను చదునుగా ఎలా అరగదీయాలో విద్యార్థులకు చూపించడం నా పని. ఎనిమిదేళ్లుగా అదే పని. డిగ్రీ ఉన్నా క్లాసులో నల్లబల్ల ముందు నిలబడే యోగం లేదు. కిందటి ఎండాకాలం మెకానికల్ శాఖలో లెక్చరర్ పోస్టు ఒకటి ఖాళీ అయింది. నాకు ముప్పై నాలుగు నిండాయి. ముప్పై అయిదు దాటితే అర్హత లేదు. అంటే ఇది పోతే మరొకటి లేదు.

దరఖాస్తుకు ఒక షరతు ఉంది. అభ్యర్థి ఏదైనా యంత్రం దగ్గర రెండేళ్లు పనిచేసి ఉండాలి. ఆ యంత్రం డ్రాయింగు స్వయంగా గీసి, పని నేర్పిన మనిషి చేత దానిమీద సంతకం చేయించి తేవాలి. చదువయిన కొత్తలో నేను జనగామలో ఒక రైసు మిల్లు ఆయిల్ ఇంజన్ దగ్గర రెండేళ్లు పనిచేశాను. నేర్పింది మిల్లు ఫిట్టరు, మా ఉస్తాద్. బడి మొహం చూడలేదు. ఉర్దూలో తన పేరు మాత్రం రాయగలడు. ఇంజన్ నలతగా ఉందంటే వేపపుల్ల ఒక కొస ఇంజన్‌కు ఆనించి, రెండో కొస పళ్ల మధ్య పట్టుకుని కళ్లు మూసుకునేవాడు. చెవి మోసం చేస్తుంది, పన్ను చెయ్యదు అనేవాడు. ఏ బేరింగు అరిగిందో ఇంజన్ విప్పకుండా చెప్పేవాడు. మా ప్రొఫెసర్లలో ఎవరూ ఆ పని చేయలేరు, ఆ మాట వాళ్ల ముందు అనలేను.

వారం రోజులు కూర్చుని ఆ ఇంజన్‌ను నిలువునా కోసి చూపించినట్టు పెద్ద షీటు మీద గీశాను. డ్రాయింగు షీటుకు కుడివైపు కింది మూలన ఒక గడి ఉంటుంది. గీసినవారెవరు, సరిచూసినవారెవరు అని అందులో రాయాలి. రెండో వరుసలో ఉస్తాద్ పేరు, తండ్రి పేరుతో సహా, నల్ల సిరాతో ముత్యాల్లా రాశాను. మిల్లు ఫిట్టరు పేరు ఎక్కే చోటు కాదది. ఎక్కించానని మురిసిపోయాను కూడా. పక్కన సంతకానికి ఖాళీ వదిలి, షీటు చుట్టి రేకు గొట్టంలో పెట్టుకున్నాను.

పోలీసు చర్య జరిగాక అది రెండో ఎండాకాలం. రజాకార్లు పోయారు, నిజాం పాలన పోయింది. సంఘం వాళ్లు, అదే కమ్యూనిస్టులు, మాత్రం తుపాకులు దించక అడవి పట్టారు. వాళ్ల కోసం ఊరూరా పోలీసు క్యాంపులు. "ఆ దిక్కు ఇప్పుడు ఎవరన్న పోతరా?" అంది నా భార్య. దరఖాస్తుకు పదిహేను రోజులే గడువుంది. నేను పోయాను.

జనగామ

రైలు దిగి అణా చాయ్ తాగి మిల్లుకు నడిచాను. చాయ్ నీళ్లలా ఉంది, అణా మాత్రం గట్టిదే పుచ్చుకున్నారు. మిల్లుకు తాళం. కిటికీలోంచి చూస్తే ఇంజన్ ఫ్లైవీలు తుప్పు పట్టి ఎర్రగా కనిపించింది. రోజూ నూనె గుడ్డతో దాన్ని తుడిచిన చేతులివి.

వాచ్‌మన్ భార్య అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది. నన్ను గుర్తుపట్టింది.

"సదువుకున్న మేస్త్రివి గదా నువ్వు? కూసో బిడ్డా."

ఉస్తాద్ ఎక్కడని అడిగితే ముందు జొన్న గటక, పచ్చిపులుసు పెట్టింది. నేను తింటుంటే గొంతు తగ్గించి చెప్పింది. "దొర మనుషులు తుపాకులు తెచ్చి బాగు చెయ్యిమని కూసోవెట్టిన్రు. ఎన్కనే సంఘపోళ్లొచ్చి మాయి గూడ చెయ్యిమన్నరు. కాదంటే బతకనిస్తరా? ఇద్దరియి చేసిండు. ఇద్దరికి పగోడయిండు. క్యాంపోళ్లు వచ్చినంక ఆయిన కోసం రెండుసార్లు ఇల్లు సోదా చేసిన్రు. మానుకోటల బిడ్డ తాన ఉన్నడంటరు. నేను చెప్పిన్నని అనకు."

అదంతా పాత కథ, ఈపాటికి చల్లారి ఉంటుందని అనుకున్నాను. మనకు పని ఉన్నప్పుడు ఎదుటివాడి ప్రమాదం చల్లారినట్టే కనిపిస్తుంది.

రైలు పెట్టెలో

మహబూబాబాదును అక్కడివాళ్లు మానుకోట అంటారు. జనగామ నుంచి పాసింజరు బండిలో సగం రోజు పట్టింది. కాజీపేటలో గంటన్నర నిలబెట్టారు. రేకు పెట్టె పెనంలా కాలింది. నా నడుము ఎనిమిదేళ్లుగా వర్క్‌షాపు బల్ల మీద వంగి వంగి చెడిపోయింది, చెక్క బెంచీ మిగతాది చెడగొట్టింది.

ఎదురుగా దంతాలపల్లి వెళ్లే అవ్వ ఒకామె కూర్చుంది. నేను నీరసంగా ఉండటం చూసి మూట విప్పి జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం చేతిలో పెట్టింది. కారానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మర్యాదగా ఉంటుందని నా పేరు, ఉద్యోగం చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"పేరెందుకు బిడ్డా? ఆకలైతుందా లేదా, గదొక్కటే అడుగుత."

నాకు చిన్నతనమనిపించింది. మా హైదరాబాదులో చాయ్ పొయ్యకముందే పేరు, తండ్రి పేరు, మొహల్లా, జీతం అడుగుతారు. ఆ మాటే అన్నాను. అవ్వ నవ్వింది. ముందు పళ్లు రెండు లేవు.

"మా దిక్కు ఇంటికొచ్చినోన్ని పేరడగం. అడిగితే తెలుస్తది. తెలిస్తే దెబ్బలకు చెప్పవలసొస్తది. తెల్వకపోతే ఎంత కొట్టినా ఏం చెప్త?"

ఈ ఆచారం వాళ్ల తాతల నాటిది కాదు, మూడు నాలుగేళ్లలో పుట్టింది. ఆలోచించాల్సిన మాటే. నేను మాత్రం కారం మంట తగ్గక నీళ్ల కోసం వెతుక్కుంటూ ఉండిపోయాను.

మహబూబాబాద్

ఉస్తాద్ కూతురు బట్టలు కుట్టి బతుకుతోంది. ఇల్లు పట్టుకోవడానికి ఒక పూట పట్టింది, ఎవరిని అడిగినా తెలియదనే అన్నారు. చివరికి మిషను చప్పుడు విని నేనే కనుక్కున్నాను. చిన్నప్పుడు మిల్లులో మాకు సద్ది తెచ్చే పిల్ల. నన్ను చూడగానే మిషను ఆపి తలుపు దగ్గరగా వేసింది.

నాయన ఎక్కడున్నాడో చెప్పడానికి ఆమెకు ఇష్టం లేదు. గొట్టంలోంచి షీటు తీసి పరిచాను. పోస్టు సంగతి, వయసు సంగతి, గడువు సంగతి, నా నడుం నొప్పి సంగతి కూడా చెప్పాను. ఆమె షీటు మీద వేలు ఆనించి ఇంజన్‌ను గుర్తుపట్టింది.

"గిది మా మిల్లుది గదా అన్నా! బాపు చూస్తే ఎంత ఖుషీ అయితడో."

ఆ ఖుషీకే లొంగింది. భూపాలపల్లి దగ్గర అడవిలో కాంట్రాక్టరు కలప కోసే మిషను నడుపుతున్నాడంది. అక్కడ ఆయన పేరు ఎవరికీ తెలియదంది.

"నీకొక్కనికే చెప్పిన అన్నా. నువ్వు మా బాపు చేతి కింద పనిచేసినవని చెప్పిన. ఎవ్వరితోని అనవు గదా?"

ప్రమాణం చేశాను. మామూలుగా కాదు, నా పిల్లల మీద ఒట్టు వేశాను. ఆమె వేడి వేడి ఖిచిడీ, పల్లీల చట్నీ పెట్టింది. ఆ దారి మొత్తంలో కడుపునిండా తిన్న తిండి అదే.

గూడూరు దాటాక

గూడూరు మీదుగా నర్సంపేట బస్సు. బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు. వెనక డ్రమ్ములో బొగ్గు మండాలి, ఆ గ్యాసుతో ఇంజన్ నడవాలి. ఎత్తు వస్తే అందరం దిగి నెట్టాలి. ఇంజనీరునని చెప్పుకుని తప్పించుకోబోతే, "అయితే నువ్వు ముందటికి రా" అని అందరికన్నా ముందు నన్నే నిలబెట్టారు. గూడూరు చుట్టూ అడవి గూడేలను ఖాళీ చేయించి, జనాన్ని తెచ్చి రోడ్డు పక్క పందిళ్ల కింద పెట్టారు. సంఘం వాళ్లకు అన్నం అందకుండా చేసిన ఏర్పాటట. ముసలివాళ్లు అడవి వైపు మొహం పెట్టి కూర్చున్నారు. చూడలేకపోయాను.

ఆ ఊరు దాటాక ఒక క్యాంపు దగ్గర బస్సు ఆపారు. నా రేకు గొట్టం ఒక జవానుకు అనుమానం కలిగించింది. లోపలి షీటు మరింత అనుమానం కలిగించింది. నిలువునా కోసిన సిలిండరు, దాని లోపల పిస్టను, నూనె వచ్చే సన్నని గొట్టం. తుపాకీ తయారుచేసే పటమన్నాడు. నన్ను దించి డేరాలోకి తీసుకుపోయారు.

లోపలి ఆఫీసరు మద్రాసు వైపు తెలుగువాడు. కొడతాడనుకున్నాను. కుర్చీ వేయించాడు.

"కూర్చోండి. కాఫీ పుచ్చుకుంటారా? మీ పేరేమిటండీ?"

అయిదు రోజుల తర్వాత నా పేరడిగిన మొదటి మనిషి ఆయనే. ప్రాణం లేచి వచ్చింది. పేరు చెప్పాను, కాలేజీ చెప్పాను, డిగ్రీ చెప్పాను. అది తుపాకీ కాదనీ, రైసు మిల్లు ఇంజననీ పిస్టను దగ్గర నుంచి ఫ్లైవీలు దాకా పాఠం చెప్పాను. ఎనిమిదేళ్లుగా లోపల అణిగి ఉన్న పాఠం. ఆయన శ్రద్ధగా విన్నాడు. నా విద్యార్థులు ఎవరూ అలా వినలేదు.

తర్వాత షీటు మూల గడి మీద వేలు పెట్టాడు. ఉస్తాద్ పేరు, ఆయన తండ్రి పేరు పైకి చదివి పక్కనున్న కాగితం మీద రాసుకున్నాడు.

"ఈయన సంతకం కోసమేనా వెళుతున్నారు? ఎక్కడుంటారండీ ఇప్పుడు?"

"భూపాలపల్లి" అన్నాను.

మాట నోరు దాటాక గానీ వేసిన ఒట్టు గుర్తు రాలేదు. కానీ కాఫీ బాగుంది, షీటు చుట్టి నా చేతికిచ్చారు, నన్ను వదిలేశారు. నిజం చెబితే భయమేముంది, నేను దొంగను కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బస్సులో నా పక్కనున్నవాడు లేచి వెనక్కి పోయి కూర్చున్నాడు. నర్సంపేట దాకా నా పక్కన ఎవరూ కూర్చోలేదు. కాళ్లు చాపుకోవచ్చని సంతోషించాను.

చెల్పూరు బండి

ములుగు నుంచి చెల్పూరు వెళ్లే ఎడ్లబండి దొరికింది. ఇరుసు చప్పుడుకు పళ్లు జివ్వుమన్నాయి. కొంచెం ఆముదం పూస్తే పోతుందని బండి మనిషికి సలహా ఇచ్చాను. యంత్రశాస్త్రం కదా, ఊరుకోలేను.

"పూస్తే సావే" అన్నాడతను. "సప్పుడు లేకుంట వచ్చే బండిని క్యాంపోళ్లు కాలుస్తరు, అడివి లోపటోళ్లు కాలుస్తరు. సప్పుడైతే బండే వస్తుందని తెలుస్తది. నూనె మాన్పిచ్చి రెండేండ్లయె."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే. కీచుమనే ఆ బండిలో, ఎండలో, ఎముకలన్నీ విడివిడిగా లెక్కకు వస్తుండగా ఒక పగలంతా కూర్చున్నాను. దారిలో అతను తాటిముంజలు కోసి ఇచ్చాడు, డబ్బిస్తే తీసుకోలేదు. ఉస్తాద్ పేరు చెప్పి తెలుసా అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"ఆ పేరుతోని ఎవ్వలు లేరు. మిషిని తాత ఒకాయిన ఉన్నడు. కర్ర నోట్ల వెట్టుకోని ఇంజన్‌తోని మాట్లాడుతడు."

భూపాలపల్లి

రాత్రి చెల్పూరులో ఉండి మర్నాడు పొద్దున్నే నడిచాను. టేకు పొట్టు వాసన ముందు వచ్చింది, తర్వాత ఇంజన్ చప్పుడు. ఉస్తాద్ బాగా వంగిపోయాడు. గడ్డం తెల్లబడింది. నన్ను చూసి రెండు చేతులతో భుజాలు పట్టుకున్నాడు. చేతుల నూనె నా చొక్కాకు అంటుకుంది. నాకు ఏడుపొచ్చింది. అలసటో ప్రేమో తెలియదు.

"గింత దూరం ఏంది బేటా? పరేషాన్ అయినవ్ తొవ్వల."

అన్నం తింటూ అన్నీ చెప్పాను. నవ్వించాలని క్యాంపు సంగతి కూడా చెప్పాను. "మన ఇంజన్‌ను చూసి తుపాకీ అనుకున్నారు ఉస్తాద్!"

ఆయన నవ్వలేదు. నోటి దగ్గర ముద్ద పళ్లెంలో పెట్టాడు.

"నా పేరు చెప్పినవా?"

"షీటు మీదే ఉంది కదా."

"ఊరు?"

అదీ చెప్పానన్నాను. ఇంజన్ తిరుగుతూనే ఉంది. అవ్వ మాట, బస్సులో పక్కవాడు లేచిపోవడం, ఒట్టు వేసినప్పుడు కూతురి మొహం, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. క్షమించమన్నాను. చాలాసార్లు అన్నాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

"ఊకో. ఆ షీటు ఇటు తే."

చేతులు కడుక్కుని పొట్టు మీద గోనె పరిచి షీటు పెట్టాడు. అక్షరం రాని ఆ మనిషి గీత గీతా వేలితో తడుముతూ చదివాడు. చాలాసేపు చూశాడు. పెద్ద బేరింగు దగ్గర వేలు ఆగింది.

"నూనె తొవ్వ ఏది? గిది లేకపోతే గంటల బేరింగ్ కాలిపోతది."

నిజమే. బేరింగుకు నూనె దిగే రంధ్రం గీయడం మరచిపోయాను. రోజూ నా చేత్తో నూనె పోసిన రంధ్రమది.

"తప్పు దాని మీద దస్కత్ పెట్ట. దిద్దు."

పెన్సిలుతో రెండు గీతలు గీశాను. మళ్లీ చూసి అప్పుడు సంతకం చేశాడు. కుడి నుంచి ఎడమకు, నిదానంగా, పూర్తి పేరు. "వాళ్లకెట్లాగూ తెలిసె. ఇగ నీ నౌకరీ ఎందుకు చెడాలె" అన్నాడు. లేచి పోయి ఇంజన్‌కు నూనె కట్టేశాడు. ఫ్లైవీలు ఆగేదాకా పక్కనే నిలబడ్డాడు. తర్వాత పానాలు, సుత్తి, ఆకురాళ్లు గోనెసంచిలో సర్దుకున్నాడు. వేడి ఇంకా తగ్గని ఇంజన్ మీద ఒకసారి చెయ్యి వేశాడు.

"నీకు చెప్పొద్దు" అన్నాడు సంచి భుజాన వేసుకుంటూ. "కని నా బిడ్డకు ఎవరు చెప్తరు?" అని, పోతున్న ఊరి పేరు చెప్పాడు. అడవి వైపు నడిచిపోయాడు. సూర్యుడు ఇంకా నడినెత్తిన ఉన్నాడు.

మళ్లీ మహబూబాబాద్

వచ్చిన దారిన పోలేక పరకాల మీదుగా వరంగల్లు చేరి, అక్కడ రైలెక్కి మహబూబాబాదులో దిగాను. ఆమెకు ఊరి పేరు చెప్పాను.

"మంచిగనే ఉండె గదా, ఎందుకు పోయిండు?" అంది. నా మొహం చూసింది. మిషను మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

"నేను చెప్పింది నీకొక్కనికే అన్నా."

వాకిట్లో కొంతసేపు నిలబడి వచ్చేశాను.

కాలేజీలో

ఇంటర్వ్యూలో ముగ్గురు పెద్దలు. డ్రాయింగు చేతులు మారింది, బాగుందన్నారు. ఒకాయన నూనె రంధ్రం చూపించి, చాలామంది దీన్ని మరచిపోతారని మెచ్చుకున్నాడు. తర్వాత ఒక ఫారం నా ముందుకు తోశారు. సంతకం చేసిన వ్యక్తి ప్రస్తుత చిరునామా రాయాలి, నిర్ధారణ కోసం ఉత్తరం పోతుంది. సర్కారీ ఉత్తరం ఊళ్లోకి వెళ్లేది పోలీసు పటేలు చేతుల మీదుగానే.

ఊరి పేరు నాకు తెలుసు. కలం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మహాత్ముణ్ని కాను. రాయాలనే ఉంది. జీతం గుర్తొచ్చింది, నల్లబల్ల గుర్తొచ్చింది, ముప్పై అయిదు గుర్తొచ్చింది. గడి ఖాళీగా వదిలి ఫారం వెనక్కి తోశాను.

"తెలియదంటారా? మరి ఈ సంతకం ఆయనదేనని మాకెలా తెలుస్తుంది?"

"తెలియదండీ" అన్నాను.

పోస్టు ఇంకొకరికి వచ్చింది. మంచివాడే. ఆయన పాఠం చెబుతుంటే పక్క గదిలో నేను ఆకురాయి పట్టుకోవడం చూపిస్తున్నాను. నా భార్య చాలా రోజులు మాట్లాడలేదు. ఆమె తప్పేమీ లేదు.

దసరా సెలవుల్లో ఉండబట్టలేక మరోసారి మహబూబాబాదు వెళ్లాను. ఉస్తాద్ ఆ ఊరు చేరాడా, క్యాంపు వాళ్లు ముందే పట్టుకున్నారా, కనీసం బతికే ఉన్నాడా, ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు. కూతురి ఇంటికి తాళం. మిషను చప్పుడు లేదు. గడప మీద మట్టి పేరుకుంది. పక్కింటావిడ బయటికి వచ్చింది.

"ఎవరు గావాలె?"

కూతురి పేరు, తండ్రి పేరు, ఆయన తండ్రి పేరు, వెళ్లిన ఊరి పేరు, నాలుగూ నాలుక చివరే ఉన్నాయి. ఎవరి పేరు చెప్పి అడగను? కొత్త మనిషి నోట ఆ పేర్లు వినబడితే మళ్లీ ఏ తలుపు మీద దెబ్బలు పడతాయో.

"ఎవరూ వద్దమ్మా" అన్నాను. "జర మంచినీళ్లిస్తవా?"

చెంబుతో తెచ్చి ఇచ్చింది. నేను తాగేదాకా నిలబడింది. నా పేరు అడగలేదు.